ఎల్లిపాయ కారం లేబుల్ కోసం నాచారం దాకా

ఉదయం పదీ పదికి ఉప్పల్ చౌరస్తాలో నేనూ భాగ్యమ్మా బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. హబ్సిగూడలో దిగి ఈసీఐఎల్ వైపు బస్సు మారితే నాచారం. మేమిద్దరం కలిసి అమ్మబోయే కారాల సీసాలకు అక్కడి ప్రెస్సులో లేబుళ్లు వేయిస్తున్నాం.

భాగ్యమ్మది భువనగిరి దగ్గరి పల్లె. ఉప్పల్‌లో మా ఎదురు వాటాలో ఉంటుంది. కారాలు నూరేది తను. నాది కాకినాడ, ఇక్కడే తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. లేబుళ్లు రాసే పని నాది.

రెండో బస్సులో, ఫ్యాక్టరీకి వెళ్తున్న ఒకావిడ మా పక్కన కూర్చుంది. భాగ్యమ్మ సంచిలోని సీసా వాసన ఆమెకు తగిలింది.

"ఎల్లిపాయ కారమా అమ్మా? మా అమ్మ గిట్లనే నూరేది," అంది.

భాగ్యమ్మ సంబరంగా ఆమె అన్నం డబ్బాలో ఇంత కారం వేసింది. నేను కిటికీ వైపు తిరిగాను. మొదట నేనే రాసిచ్చిన ఆ పేరును వారం కిందట ప్రూఫులో దిద్దాను. భాగ్యమ్మకు చెప్పలేదు.

పదకొండుకు ప్రెస్సు చేరాం. యజమాని సత్తయ్య గారు చాయ్ తెప్పించి, లేబుల్ మా ముందు పెట్టారు. భాగ్యమ్మ చదవడం నేర్చుకుంది ఈమధ్యే, నా దగ్గరే. వేలు పెట్టి కూడబలుక్కుంది. "వె... ల్లు... ల్లి." వేలు ఆగింది.

"అక్కా, ఇది ఎవల కారం?"

"నీదే. అచ్చులో అలా రాస్తేనే సరి, భాగ్యమ్మా."

"మరి నేననేది తప్పా? పుట్టినప్పటిసంది గదే అంటున్న."

సత్తయ్య గారు నవ్వి, పాత లేబుళ్ల ఫైలు దించారు. "గీ పంచాయితీ కొత్తది గాదమ్మా. మా నాయిన కాలం నుంచి సూస్తున్న."

ఒకే పచ్చడి, పేర్లు మాత్రం వేరు. గోంగూర పచ్చడి, తర్వాత గోంగూర పికిల్, ఇప్పుడు మళ్లీ పుంటికూర తొక్కు. టమాటకైతే టమాట, టమోటా, టొమాటో అని మూడు రకాల రాతలు. అన్నిటికంటే అడుగున ఒక పాత ప్రూఫు ఉంది. 'పుంటికూర తొక్కు' మీద ఎర్ర సిరా గీత, పక్కన 'గోంగూర పచ్చడి'.

"ఎవరు కొట్టేశారు?" అన్నాను.

"అప్పుడు ప్రూఫులు దిద్దే బడిపంతులొకాయన ఉండె. తొక్కు వెట్టినామెను ఎవలూ అడగలె."

నా ప్రూఫు మీదా ఎర్ర సిరాయే. బడిలో పిల్లల నోటుపుస్తకాల్లో ఇలాంటి మాటలు ఎన్ని కొట్టేశానో గుర్తొచ్చింది.

"దిద్దింది నేనే. నిన్ను అడగాల్సింది, అడగలేదు," అన్నాను.

భాగ్యమ్మ టేబుల్ మీది పెన్ను తీసుకుని, నిదానంగా రాసింది: ఎల్పాయ కారం. తను పలికేది అచ్చం అలాగే. సత్తయ్య గారు, దిద్దుతానేమోనని నా వంక చూశారు. నా చెయ్యి లేవబోయి ఆగింది.

"అలాగే వేయండి," అన్నాను.

పన్నెండున్నరకు తిరుగు బస్సు. ఖాళీగానే ఉంది, ఇద్దరికీ సీట్లు దొరికాయి. ఉప్పల్ నుంచి నాచారానికి గంట కూడా పట్టలేదు. ఈ కాస్త దూరంలోనే ఒక కారానికి ఇన్ని పేర్లున్నాయని, అన్నీ ఎవరో ఒకరి ఇంటి మాటలేనని ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తట్టలేదు. హబ్సిగూడలో బస్సు మారాక భాగ్యమ్మ అడిగింది.

"అక్కా, మీ ఇంట్ల దీన్ని ఏమంటరు?"

"వెల్లుల్లి కారం."

"అయితే నీకిచ్చే సీసా మీద గదే రాసుకో," అని నవ్వింది.