దిగని విమానం

నంద్యాలలో అద్దెగదిలో కూర్చొని నేను చేసే పనేందో ఇంటి ఓనరుకు ఎంత చెప్పినా ఎక్కదు. విమానం రన్‌వే మీదికి సరిగ్గా దిగేదానికి కింద నుంచి రేడియో సిగ్నల్ దారి చూపిస్తుంది. అది యాడ వంకర పోతాందో, టెస్టు విమానం తెచ్చిన డేటా చూసి కంప్యూటర్‌లో మోడల్ చేస్తాండా. సిగ్నల్ కొలిచేదే దాని పని గాబట్టి ఆ విమానం మాత్రం దిగదు. రన్‌వే దగ్గరదాకా వచ్చి మళ్లీ పైకి లేస్తుంది. పొద్దంతా ఒక్కణ్ణే స్క్రీన్ మీద అది పోయిన దారి గీతలు చూసి చూసి ఒళ్లు మండేది. దిగి చావొచ్చు గదా!

అమ్మ పోయినప్పుడు గొడవపడినాక అన్నకూ నాకూ మాటల్లేవు. ఒక ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కినా. ఆడ విగ్రహాలు చెక్కే వీధిలో అందరూ మిషన్లు పెట్టినారు, అన్న ఒక్కడే ఇంకా ఉలి పట్టుకుంటాడు. ఆ ఉలి చప్పుడు వెంబడే అన్న ఇంటి గేటుదాకా పోయినా.

చప్పుడు ఆగింది. అన్న తల తిప్పి నన్ను చూసినాడు. "ఏందిరా" అనింటే చాలు, లోపలికి పోయేవాణ్ణి.

ఉలి మళ్లీ మొదలైంది. నేను బస్టాండు దిక్కు తిరిగినా.

మరుసటి ఆదివారమూ అదే బస్సెక్కినా, గేటుదాకా పోయి వెనక్కి వచ్చినా.