కుట్టని కోటు

ఆవిడ మళ్లీ వచ్చింది. అదే ఆకుపచ్చ ఉన్ని గుడ్డ, అదే మడత, అదే చంకలో.

ఫైనాన్స్ కంపెనీ అద్దాల తలుపు వెనక, కౌంటరులో కూర్చున్న అమ్మాయి చేతిలో కాగితాలు పక్కన పెట్టి వీధికి అవతలున్న టైలరు షాపు కేసి చూసింది. ఆ షాపు ఆమె నాన్నది. వచ్చినావిడ సందు మొగలో బండి మీద బట్టలు ఇస్త్రీ చేసే పెద్దమ్మ. కోటు కుట్టించుకునే మనిషి కొలతలివ్వడానికి ఒకసారి, కుట్టింది పట్టుకుపోవడానికి ఒకసారి వస్తే చాలు. చలికాలం వచ్చింది, పోయింది. ఈవిడ మాత్రం నెలనెలా జీతాలు పడ్డాక ఆ గుడ్డతో వస్తుంది, స్టూలు మీద కాసేపు కూర్చుంటుంది, ఆ గుడ్డతోనే వెళ్లిపోతుంది.

మరొకరికైతే ఇందులో అనుమానించడానికేమీ లేదు. టైలరు కూతురికి ఉంది. ఆ షాపులోకి గుడ్డ రావడమంటే ఏమిటో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

టైలరు వడ్డీకి డబ్బిచ్చేవాడు. ఆ రోజుల్లో ఆ వీధిలో వడ్డీకి తెచ్చుకోవడమంటే ఇంటి గుట్టు వీధిన పడ్డట్టే. ఇచ్చేవాణ్ణి వెనకాల తిట్టేవారు, తీసుకునేవాణ్ణి ముందరే చులకన చేసేవారు. అందుకని టైలరు ఒక పద్ధతి పెట్టాడు. టైలరు దగ్గరికి గుడ్డతో వెళ్లేవాణ్ణి ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు కదా. డబ్బు కావలసినవాడు ఒక కొత్త గుడ్డ పట్టుకుని వచ్చేవాడు. టైలరు మెడలోని టేపు తీసి నిజంగానే కొలతలు తీసేవాడు. భుజం కొలుస్తూ ఎంత కావాలని అడిగేవాడు, చెయ్యి కొలుస్తూ ఎప్పటికిస్తావని అడిగేవాడు. డబ్బు జేబులోకి, గుడ్డ పై అరలోకి. రాసుకోవడం లేదు, సంతకం లేదు. నెల తిరిగేసరికి ఆ మనిషి "కుట్టడమైందా మాస్టారూ" అంటూ వచ్చి వడ్డీ ఇచ్చి పోయేవాడు. అసలు కూడా తీరిన రోజున గుడ్డ కిందికి దిగేది. దాన్ని కూలి తీసుకోకుండా కుట్టి ఇచ్చేవాడు. కొత్త చొక్కా తొడుక్కుని ఒక మనిషి వీధిలో నిటారుగా నడిచిపోతుంటే, అది ఒడ్డున పడ్డ మనిషి నడక అని టైలరుకీ, గుమ్మంలో ఆడుకునే ఆయన కూతురికీ మాత్రమే తెలిసేది.

అలాగని ఆయన ధర్మాత్ముడేమీ కాదు. వడ్డీలో పైసా వదిలేవాడు కాదు. తెచ్చిన గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి, కొసలు లాగి చూసేవాడు. నాసిరకం గుడ్డ తెచ్చినవాడు దాన్ని వదిలేసి పోవడానికి వెనకాడడని ఆయన లెక్క. "మనుషుల్ని కూడా అలాగే వెలుతుర్లో పెట్టి చూస్తారు, చిల్లు కనబడేదాకా నిద్రపోరు" అనేది భార్య.

ఒకసారి బడిలో ఒక కుర్రాడు పదిమందిలో, "మీ నాన్న సూదితో కుడతాడు, వడ్డీతో విప్పుతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చి చెప్పింది. తల్లి ఆ పాడు పని మానెయ్యమని భర్తను ఎప్పటిలాగే సతాయించింది. టైలరు సూదిలో దారం ఎక్కించుకుంటూ, "వాళ్ల నాన్నది నీలం చారల గుడ్డ. పై అరలో ఉంది" అన్నాడు. ఆ పిల్ల మర్నాటి నుంచి బడిలో ఎవరి చొక్కా చూసినా ఏ అరలోంచి దిగిందోనని చూసేది. అనుమానించడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో గాలిలాగా అలవడింది.

తరవాత తల్లి పోయింది. ఆ తరవాత వీధికి అవతల అద్దాల తలుపు వచ్చింది. దాని మీద పళ్లన్నీ కనబడేలా నవ్వే కుటుంబం బొమ్మ. అక్కడ అప్పు లేదు, లోన్ ఉంది. వడ్డీ అనే మాట కౌంటరులో ఎవరూ నోటితో అనకూడదు, నెలవారీ సౌకర్యం అనాలి. ఒకప్పుడు తల వంచుకుని గుడ్డతో వచ్చినవాళ్ల కొడుకులు ఇప్పుడు ఆ తలుపు ముందు మంజూరైన కాగితం పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. వాళ్లలో నీలం చారల ఆయన కొడుకూ ఉన్నాడు. బండి కొన్నాడు, టైలరు షాపు ముందే హారన్ కొట్టుకుంటూ పోయాడు. చొక్కాలు కుట్టినవే దొరికే రోజులొచ్చాయి. పై అరలో గుడ్డ కోసం ఎవరికీ బెంగ లేకుండా పోయింది. కంపెనీకి వాయిదాలు కట్టేవాళ్లు టైలరు మాటే మరిచిపోయారు. ఎదురుపడితే మరిచిపోయినట్టు నటించడం కూడా మానేశారు.

ఆ కంపెనీలోనే కూతురికి ఉద్యోగం దొరికింది. చేత్తో డబ్బు తాకే కౌంటరు కాబట్టి ముందు డిపాజిట్ కట్టమన్నారు. ఆమె భయపడుతూనే తండ్రికి చెప్పింది. కొన్నాళ్లకు ఆయన డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. పాత బాకీలు వసూలయ్యాయన్నాడు. ఇంకో షరతు కూడా ఉందని ఆమె నసిగింది. ఉద్యోగుల ఇళ్లలో ఎవరూ సొంతంగా వడ్డీ వ్యాపారం చెయ్యకూడదు.

"అంటే ఆ పని వాళ్లొక్కళ్లే చెయ్యాలన్నమాట" అని నవ్వాడు టైలరు. నవ్వాక, మిషను మీద చెయ్యి పెట్టి మానేశానని మాటిచ్చాడు.

ఆ మాటే ఇప్పుడు ఆమెకు నమ్మబుద్ధి కావడం లేదు. ఉద్యోగం పక్కా చేసే ముందు మేనేజరు ఇంటికి వచ్చి విచారిస్తాడు. అప్పుడు ఏదైనా బయటపడితే ఉద్యోగమూ పోతుంది, డిపాజిట్టూ పోతుంది. మేనేజరు ఏ ప్రశ్నయినా రెండుసార్లు అడిగే మనిషి. రెండో జవాబులో అక్షరం మారినా కళ్లద్దాలు పైకి తోసుకుని చూస్తాడు. ఆ పూట అద్దంలోంచి ఆమె ఎటు చూస్తోందో ఆయనా చూశాడు.

"ఏమ్మా, ఆ ఇస్త్రీ ఆవిడకి ఒక్క కోటు ఎన్నాళ్లు కుడతారు మీ నాన్నగారు?" అన్నాడు, తమాషాకి అన్నట్టే.

ఆమె కాగితాలు సర్దుకుంటూ ఏదో నవ్వింది.

భోజనాల వేళ తండ్రి టీ తాగడానికి వెళ్లినప్పుడు వెళ్లి పై అర వెతికింది. పాత గుడ్డలే. దుమ్ము చేతికి అంటింది. కొత్తదొక్కటీ లేదు. అది చూశాక ఆమె మనసు కుదుటపడాలి, కానీ ఇంకా చెడింది. గుడ్డ ఇక్కడ వదిలితే కూతురు కనిపెడుతుందని, ఆవిడ చేతే వెనక్కి పంపిస్తున్నాడు. ఆయన తెలివి ఆమెకు తెలియనిదా.

సాయంత్రం కంచాలు పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"పెద్దమ్మకి ఎంతిచ్చావు నాన్నా?"

"నేనివ్వడమేమిటి?"

"నాకేసి చూసి చెప్పు."

"మనిషిని నిలబెట్టి ఇలా అడగడం మీ కంపెనీలో నేర్పారా?"

"నువ్వే నేర్పావు."

టైలరు అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన కంచంలో మెతుకు వదలడం ఆమె అదే మొదటిసారి చూడడం. తప్పు చేసినవాడే అలా లేస్తాడనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లింది. పెద్దమ్మ పెట్టెలో నిప్పులు సర్దుతోంది. అమ్మాయిని చూసి, బండి కింద ఉన్న సంచిని కాలితో లోపలికి తోసింది. అందులోంచి ఆకుపచ్చ కొస కనబడుతూనే ఉంది. అమ్మాయి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నాన్న దగ్గర ఎంత తీసుకున్నావో చెప్పమని, తన జీతంలోంచి తానే తీర్చేస్తానని, మేనేజరు వచ్చేలోగా ఇది తెగిపోవాలని బతిమాలింది.

పెద్దమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. దొంగనోటు చూసినట్టు చూసింది.

"నేను తీసుకోవడమా?" అంది. "నేను తీసుకున్నది నువ్వు పుట్టకముందు, తల్లీ. అది తీర్చేసి, అప్పుడు కుట్టిచ్చిన రవిక తొడిగి చింపేశాను కూడా. ఇప్పుడు పుచ్చుకున్నది మీ నాన్న."

"ఎందుకు?"

"నువ్వు కూర్చునే కుర్చీకి."

పాత బాకీలు ఒక్కటీ వసూలు కాలేదని పెద్దమ్మ చెప్పింది. టైలరు గుమ్మం గుమ్మం తిరిగాడట. ఇప్పుడా గుడ్డ ఎవరిక్కావాలి, మీరే ఉంచుకోండి అన్నారట. చివరికి ఒక పొద్దున ఈ బండి దగ్గరికి చొక్కా పట్టుకుని వచ్చి, ఇస్త్రీ చెయ్యమన్నాడట.

"విప్పి చూస్తే అది అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా. మడత కూడా నలగలేదు. నా చేతి మడతే. అప్పుడర్థమైంది ఎందుకొచ్చాడో. భుజాలు పరుస్తూ ఎంత కావాలన్నాను, చేతులు పరుస్తూ ఎప్పటికిస్తావన్నాను."

"వడ్డీ తీసుకుంటున్నావా?"

"తీసుకోకపోతే ముట్టుకుంటాడా మీ నాన్న? నాకు ఆయన వేసిన రేటే. కాస్త తగ్గిస్తానంటే, జాలి చూపిస్తున్నావా అని కస్సుమన్నాడు."

"మరి ఆ గుడ్డ?"

"ఉత్త చేతుల్తో నెలనెలా వెళ్లి షాపులో కూర్చుంటే వీధి ఊరుకుంటుందా? టైలరు అప్పు పడ్డాడని ఇట్టే పట్టేస్తుంది."

కౌంటరుకు వెళ్లి కూర్చున్నాక ఆ కుర్చీ ఆమెకు పరాయి సొమ్ములా అనిపించింది. తండ్రి మాట తప్పలేదన్న ఊరట ఒక్క పూట కూడా నిలవలేదు. ఆ రోజే ఆయనకు నచ్చజెప్పబోయింది. కంపెనీలో ఇంతకంటే తక్కువకే వస్తుంది, తీసుకుని పెద్దమ్మది తీర్చేద్దామంది. అద్దాల వెనక కూర్చుంటే వీధంతా చూస్తుందన్నాడాయన.

"ఇప్పుడందరూ తీసుకుంటున్నారు నాన్నా. సిగ్గేముంది అందులో?"

"లేదనే కదమ్మా నా భయం" అన్నాడు టైలరు. "సిగ్గుపడ్డవాడే నాకు తీర్చాడు. అది లేనివాడి గుడ్డలు అదిగో, ఆ పైన."

మేనేజరు వచ్చాడు. ఇంట్లో ఎవరైనా వడ్డీకిస్తారా అని అడిగాడు. లేదంది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే మాట, అదే గొంతుతో అంది. షాపులోకి వెళ్లి పై అర కేసి వేలు చూపించి ఇవన్నీ ఏమిటన్నాడు. కుట్టాల్సినవి అన్నాడు టైలరు. అబద్ధం కాదు. మేనేజరు ఒక గుడ్డ దింపి, వెలుతురుకు పట్టి, కొస లాగి చూశాడు. తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు. ఉద్యోగం పక్కా అయింది. మేనేజరు నమ్మాడని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆ నెల నుంచి వాయిదా తానే కడతానంది కూతురు. జీతం అందగానే నోట్లు చేత్తో పట్టుకుని బండి దగ్గరికి వెళితే పెద్దమ్మ చెయ్యి చాపలేదు. చేతిలో బట్టేదీ అని అడిగింది. అమ్మాయి ఇంటికి వెళ్లి, ఇస్త్రీ చేసిన తండ్రి చొక్కా ఒకటి తెచ్చి, దాని మడతలో డబ్బు పెట్టి ఇచ్చింది. పెద్దమ్మ నోట్లు లెక్కపెట్టుకుంది. మళ్లీ లెక్కపెట్టుకుంది. ఆ తరవాత చొక్కా మీద ఉత్తుత్తి ఇస్త్రీ తోసి, మడిచి ఇచ్చింది. షాపుకి గుడ్డతో వెళ్లే పని పెద్దమ్మకు ఇక లేదు. అయినా ఒకటి రెండుసార్లు వెళ్లి, ఊరికే స్టూలు మీద కూర్చుని వచ్చింది. తీరాక ఆ గుడ్డను కోటు చేస్తానని టైలరు మాటిచ్చాడట.

అది తీరకముందే ఆయన పోయాడు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం మిషను మీద తల వాల్చాడు, సూది కింద ఎవరిదో జేబు సగం కుట్టి ఉంది. ఆ రోజుల్లో షాపుకి చాలామంది వచ్చారు. ఏడ్చినవాళ్లున్నారు. ఏడుస్తూ పై అర కేసి చూసినవాళ్లున్నారు. నీలం చారల ఆయన కొడుకు బండి ఆపి వచ్చి, "మా నాన్నది ఏమైనా ఉండిపోయిందా అక్కా, కాగితం లాంటిది?" అన్నాడు. కాగితాలేమీ లేవని ఆమె చెప్పింది. అతను నిమ్మళంగా ఊపిరి తీసుకున్నాడు. ఆమె నీలం చారల గుడ్డ దింపి అతని చేతిలో పెట్టింది. అతను అదేమిటో తెలియక అటూ ఇటూ తిప్పి, బండి తుడుచుకోవడానికి పనికొస్తుందన్నాడు.

చివరి వాయిదా ముట్టిన రోజు పెద్దమ్మే షాపుకి వచ్చింది. ఆకుపచ్చ గుడ్డను మిషను మీద పెట్టింది.

"తీరిపోయింది. ఇక కుట్టాలి."

"ఎవరు కుడతారు పెద్దమ్మా?"

"అది మీ ఇంటి మాట. నాకేం తెలుసు?"

సెలవు రోజుల్లో కూర్చుని కుట్టింది. రెండుసార్లు విప్పింది. తండ్రి టేపుతో పెద్దమ్మ భుజాలు కొలుస్తున్నప్పుడు ఇద్దరూ ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. కోటు పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి. పెద్దమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. లోపలి వైపు తిప్పి, చంక దగ్గర కుట్టును రెండు చేతులతో గట్టిగా లాగింది.

"వంకర" అంది.

"తెలుసు."

"ఊడుతుందా?"

"ఊడదు."

ఇంకోసారి లాగి చూసి, తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని వీధిలోకి దిగింది. మిట్టమధ్యాహ్నం. చెమట కారుతోంది. బండి వైపు తిన్నగా పోకుండా వీధి దాటి, అద్దాల తలుపు పక్క నుంచి నిటారుగా, తాపీగా నడిచింది. మేనేజరు బయటికి వచ్చి, కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆ ఉన్ని కోటు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.