ఎవరూ పెట్టని అలారం

నేను గోరంత జరిగితే కొండంత చెప్పే మనిషిని. చీమ కుడితే ఏనుగు తొక్కిందని పలమనేరంతా చాటి వస్తాను. అయినా దయ్యాలకు మాత్రం నా కథల్లో కూడా చోటివ్వలేదు. నమ్మితే కదా, పెంచి చెప్పడానికి!

మా బావమరిది కూతురు భార్గవి తిరుపతిలో మొబైల్ యాప్‌లు తయారు చేస్తుంది. ఆవులున్న వాళ్ల కోసం ఒకటి చేసి, మొదట నా కొత్త ఫోనులో వేసింది. దాని పని ఒకటే. రోజూ ఒకసారి మోగి, పశువును చూసి రమ్మనడం.

"ఎన్నింటికి మోగల్లో నువ్వే పెట్టుకో మామా. ఏమీ పెట్టకపోతే పొద్దున ఆరుకు మోగతాది. అది డిఫాల్టు. నీ మాదిరి సోమరోళ్ల కోసమే పెట్టినాను," అంది.

నేనేమీ పెట్టలేదు. సోమరితనంలో మాట తప్పే వంశం కాదు మాది.

మరునాడు మధ్యాహ్నం గుండ్రాయంత సంగటి ముద్ద మింగి పడుకున్నాను. మా చూడి ఆవు ఈనడానికి ఇంకా రెండు వారాల గడువుంది కనుక కొట్టం వైపు ఎవరూ పోలేదు. పొద్దున ఆరుకు మోగని అలారం రెండు గంటలకు మోగింది. ఆ మోతకు చిత్తూరులో బస్సులు ఆగిపోయుంటాయి.

"యోవ్, సూడమంటా ఉండాది గదా, పోయి సూసిరా. తిన్నదన్నా అరగతాది!" అని మా ఆవిడ వనజ వంటింట్లోంచి అరిచింది.

పోయాను. ఆవు పక్కకు వాలిపోయి ఉంది. దూడ ముందుకాలు ఒకటే బయటికి వచ్చింది. రెండోది లోపల మడతపడింది. పశువుల డాక్టరు పరుగున వచ్చి, లోపలికి చెయ్యి పెట్టి కాలు సరిచేశాడు. దూడ కింద పడి తుమ్మింది.

"ఇంకొంచేపు అయ్యుంటే రెండూ దక్కేవి గాదప్పా," అన్నాడు.

సాయంత్రం భార్గవి వచ్చి ఫోనును ల్యాప్‌టాప్‌కు తగిలించింది. నేను పెట్టిన టైము ఏదైనా అందులో దాగి ఉందేమో చూసింది. ఖాళీ. డిఫాల్టు చూసింది. ఆరు. ఆ ఫోను ఇంకెవరూ ముట్టుకోలేదు.

"ఫోను గడియారం దారి తప్పినట్టుండాది మామా," అని నవ్వేసింది. నేనూ నవ్వాను.

ఇక తేల్చి చెబుతాను. సంగటి ముద్ద, బస్సులు నేను పెంచినవి. అచ్చంగా కల్పించింది మాత్రం గడియారం మాటా, ఆ నవ్వులూ. గడియారం సరిగానే ఉంది. భార్గవి నవ్వలేదు. యాప్ తీసేసి మళ్లీ వేసింది. అది మళ్లీ ఆరే చూపించింది. "రెండుకు మోగమని నేను రాయలేదు మామా," అని ల్యాప్‌టాప్ మూసి, కొట్టంలోకి పోయి దూడ పక్కన చాలాసేపు కూర్చుంది.

అది రెండుకే ఎందుకు మోగిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ యాప్‌లో నేను ఇప్పటికీ ఏ టైమూ పెట్టలేదు.