ఇబ్రా గ్రౌండులో మూడో మెట్టు

నాకు ఫుట్‌బాల్ ఆడటం రాదు. ఎవరు గెలిచారన్నది కూడా నాకంతగా పట్టదు. నాది గ్రౌండ్ల పిచ్చి. ఒమన్‌లో, రుసైల్ అనే చోట ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్‌ని. వారమంతా పెట్టెలు దింపించుకుని, ఎక్కించి, శుక్రవారం రాగానే నా పాత కారేసుకుని ఏదో ఒక ఊరి గ్రౌండు వెతుక్కుంటూ పోతాను. టీవీలో చూపించే లీగు ఆటలు నాకొద్దు. వాగు పక్కన నేల చదును చేసి, రెండు గోలుపోస్టులు పాతి, పక్క ఊరి వాళ్లతో ఆడుకునే ఆటలు కావాలి.

చూసిన ప్రతి గ్రౌండూ నోట్‌బుక్కులో రాసుకుంటాను. దానికి నాదొక రూలుంది. మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా చూస్తేనే రాయాలి. ఒకసారి టైరు పంక్చరై పది నిమిషాలు ఆలస్యమైతే, ఆ ఊరికే మళ్లీ ఇంకో శుక్రవారం వెళ్లి మొత్తం చూసొచ్చాను. ఆ సంగతి చెబితే మా ఆవిడ ఫోన్లోనే తల బాదుకుంది.

రూమ్‌లో నా ఎదురు మంచం ఆయన్ని అన్నా అని పిలుస్తాను, జగిత్యాల వైపు ఆయన. కాంక్రీటు మేస్త్రీ. ఒమన్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. నేను చెబుతున్న ఆ వారం ఆయన వీసా క్యాన్సిల్ అయింది, పై మంగళవారం విమానం, ఇక తిరిగి రాడు. ఆరేళ్లుగా నా పిచ్చిని చూసి నవ్వుతూనే ఉన్నాడు. "గా మన్ను జూసెటందుకు పెట్రోలు పోసుకొని పోతవా, తమ్మీ?" అనేవాడు. అలాంటిది ఆ బుధవారం తనే వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"తమ్మీ, ఇబ్రా దిక్కు ఒక గ్రౌండు ఉంటది. పన్నెండేండ్ల కింద ఆడ జనం కూసునే మెట్లు నేనే కట్టిన. నాలుగు వరుసలు. పోసిన తెల్లారే ఇంకో సైట్‌కు తోలిన్రు. వాటి మీద మనుషులు కూసుంటున్నరో లేదో ఒక్కపారి సూశి పోత."

ఆరేళ్లలో ఆయన నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. కాదనడానికి నోరెలా వస్తుంది? మా గోడౌన్‌కి వచ్చే ఇబ్రా డ్రైవర్ని కనుక్కుంటే, శుక్రవారం అసర్, అంటే సాయంత్రపు నమాజు, తర్వాత ఆట ఉందన్నాడు. ఊళ్లలో గడియారం టైము చెప్పరు. అసర్ నమాజు అయి, జనం మసీదు నుంచి నడిచొచ్చి, బూట్లు కట్టుకునేసరికి పావు తక్కువ నాలుగవుతుందని నేనే లెక్క వేసుకున్నాను. ఒంటిగంటకల్లా కారెక్కాలని అన్నకి రెండుసార్లు చెప్పాను.

ఒంటిగంటకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచి పట్టుకుని వచ్చాడు. "ముందుగాల దార్సైట్ పోదాం."

"దార్సైట్ ఎందుకన్నా? అది ఇటు, ఇబ్రా అటు!"

"కొబ్బరికాయ దేవాలె."

"కింద సూపర్‌మార్కెట్లో లేవా కొబ్బరికాయలు?"

"గవి గుండు కాయలు. పిలక లేని కాయ కొడ్తరా ఎవరన్న?" అని సీటు బెల్టు పెట్టుకున్నాడు. వాళ్ల వైపు కాయ కొట్టకుండా కాంక్రీటు పోయరట. ఇబ్రా మెట్లు పోసిన రోజు మాత్రం ఫోర్‌మన్ యల్లా యల్లా అని తరిమి, కాయ లేకుండానే పోయించాడట. పన్నెండేళ్లుగా ఆ ముల్లు ఈయన మనసులో ఉండిపోయింది.

దార్సైట్‌లో గుడి దగ్గర దుకాణం మూసి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం కదా, ఓనరు పైన భోజనానికి కూర్చున్నాడు. అన్న కిందనుంచి పిలిచి పిలిచి ఆయన్ని దింపి, కాయల్ని ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూసి, చివరికి ఒకటి తీసుకున్నాడు. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. ఆయన కాయని ఒళ్లో పెట్టుకుని కొండలు చూస్తూ కూర్చున్నాడు.

మేం చేరేసరికి ఆట మొదలైపోయింది. నా రూలు గంగలో కలిసింది. కారు తలుపు ఎంత గట్టిగా వేశానంటే పక్క కారులో పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

అన్న కదలలేదు. గ్రౌండు వైపు చూస్తూ నిలబడిపోయాడు. మెట్లు ఉన్నాయి. నాలుగు వరుసలూ ఉన్నాయి. వాటి మీద ఒక్క మనిషి లేడు. పై మెట్టు మీద ఒక మేక పడుకుని నెమరు వేస్తోంది. జనమంతా అటు వైపు గోడ నీడలో చాపలు పరుచుకుని కూర్చున్నారు.

"ఒక్కడు గూడ కూసుంటలేడు, తమ్మీ" అన్నాడు. ఆ గొంతు వినగానే నా కోపం ఎటు పోయిందో! అయ్యో పాపం అనిపించింది.

కారణం నాకు వెంటనే అర్థమైంది. మెట్లు పడమటి ముఖం. సాయంత్రపు ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. "ఎండన్నా, ఎండ! అక్కడ కూర్చుంటే మాడిపోతారు" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. "కాయ కొట్టలే" అని మాత్రం అన్నాడు.

"పోనీ మనమైనా కూర్చుందాం రా" అని చెయ్యి పట్టుకుని లాగాను. ససేమిరా అన్నాడు. మెట్ల పక్కనే నిలబడి అంచుల్ని బొటనవేలితో తడుముతూ, "పగులు లేదు సూడు" అని తనలో తనే అనుకుంటున్నాడు. ఆయన నిలబడితే నేనెలా కూర్చుంటాను? ఫస్టాఫ్ అంతా ఎండలో నిలబడే చూశాం. ఆట మాత్రం ముచ్చటగా ఉంది. కాళ్లదాకా వేలాడే దిష్‌దాషా అంగీ వేసుకున్న లైన్‌మన్ ఒక చేత్తో జెండా, ఒక చేత్తో తన బట్టలు పట్టుకుని పరిగెడుతున్నాడు. ఒకసారి బంతి ఖర్జూర తోటలో పడి, అక్కడి నీటికాలువలో తేలుతూ తనంతట తనే తిరిగొచ్చింది.

హాఫ్‌టైములో అన్న సంచి తీశాడు. మన ఊరు కాదు, ఎవరేమనుకుంటారో! "వద్దన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను. ఆయన మెట్ల వెనక్కి వెళ్లి, చెప్పులు విడిచి, ఒక రాయి మీద ఒక్కటే దెబ్బ కొట్టాడు. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది.

తలెత్తితే ఎదురుగా ఒక ఒమానీ తాత, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో. ఇందాక నా కారు తలుపు చప్పుడికి ఉలిక్కిపడ్డ పెద్దాయనే. ఇదేమిటన్నట్టు కాయ వైపు చెయ్యి చూపించాడు. అన్నే సైట్‌లో నేర్చుకున్న అరబ్బీలో చెప్పాడు. "బాబా, అనా సవ్వీ హాదా." ఇది నేను కట్టాను అని మెట్లు చూపించాడు.

తాత మెట్లు చూశాడు, అన్నని చూశాడు. "మాషాల్లా!" అన్నాడు. కొబ్బరిముక్క ఒకటి అడిగి తీసుకుని నోట్లో వేసుకుని, అన్న చెయ్యి పట్టుకుని "తాల్, తాల్", రా రమ్మంటూ మెట్ల ముందుకి నడిపించాడు.

అప్పటికి సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. అటు నుంచి జనం చాపలు చుట్టుకుని, ఫ్లాస్కులు పట్టుకుని గ్రౌండు దాటి వస్తున్నారు. మేకని అదిలించారు. నాలుగు వరుసలూ నిండాయి. తాత ఏదో చెబితే ముందు వరుస వాళ్లు వెనక్కి తిరిగి అన్నకి చెయ్యెత్తారు. అన్న మూడో వరుసలో కొంచెం జాగా రుమాలుతో తుడిచి, అప్పుడు కూర్చున్నాడు. కొబ్బరిముక్కలు అటు వెళ్లాయి, ఖర్జూరాలూ కాఫీ ఇటు వచ్చాయి. నేను సెకండాఫ్ చూడలేదు. ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

కారులో ఆటపట్టించాను. "చూశావా, నీ కొబ్బరికాయ మహిమ!"

పకపకా నవ్వాడు. "ఎండవోయినంక వచ్చిన్రని నాకెరుక లేదా, తమ్మీ? ఇరవై రెండేండ్లు గీ ఎండలనే పనిజేసిన. గా కాయ వాళ్ల కోసం గాదు."

"మరి?"

"ఇన్నేండ్లల్ల ఎన్ని కట్టిన! ఒక్క దాని మీద గూడ నేను కూసోలే. కూసుంటే ఫోర్‌మన్ తిడ్తుండె. కాయ గొట్టకుంట గీ మెట్ల మీద కూసోబుద్ధి గాదు. గియ్యాల కూసున్న."

రూమ్‌కి చేరాక నోట్‌బుక్కు తీసి ఆ గ్రౌండు పేరు రాశాను. ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియదు. స్కోరు రాయాల్సిన చోట "మూడో మెట్టు" అని రాశాను.

ఎదురు మంచం మీద నుంచి అన్న తొంగిచూశాడు. "లేటయితిమి గద, తమ్మీ. మొదటి విజిల్ ఇనలే. ఎట్ల రాస్తున్నవ్?"

"రాస్తాను. నా పుస్తకం, నా ఇష్టం. నువ్వు పడుకో అన్నా" అన్నాను.