బొట్టు కింద మర

మొన్న కారు సర్వీసింగుకి ఇచ్చి కుర్చీలో కూర్చుంటే, మెకానిక్ స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి, చేతిలోని తెర చూసి, చార్జింగు పద్నాలుగు వోల్టులు, బాగుందండీ అని, బానెట్టయినా ఎత్తకుండా వెళ్లిపోయాడు. ఆ అంకె వినగానే నాకు, బ్యాటరీని డైనమోలు చార్జి చేసే కాలమూ, జగ్గయ్యపేటలో మా మేనమామ తెల్ల కారూ గుర్తొచ్చాయి.

అప్పటికి నేను పాలిటెక్నిక్ పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ మామయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ ఏడు దసరా దాటిన దగ్గర్నుంచి, కారు వేగం అందుకుంటే చాలు, హెడ్‌లైట్లు తెల్లగా మండి బల్బులు మాడిపోయేవి, బ్యాటరీలో నీళ్లు మరిగిపోయేవి. నందిగామ వెళ్లి వచ్చేలోపు ఏదో ఒక బల్బు పోవాల్సిందే. తప్పంతా పదేళ్లుగా ఆ కారు నడుపుతున్న సాయిబు మీద పడింది. ఇంకొక్క బల్బు పోతే తాళాలు ఇచ్చేసి వెళ్లమని మామయ్య అనేశాడు. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన.

నేను నోటుపుస్తకంలో కారణాలు వరుసగా రాసుకున్నాను: బెల్టు, డైనమో బ్రష్షులు, రెగ్యులేటర్ పెట్టె, బ్యాటరీ తీగలు, చివర్న ఎర్తు. ఎర్తంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, కారు ఇనప ఒళ్లే కదా, అదెక్కడికి పోతుందిలే అని దాన్ని అడుగున పడేశాను. మొదటి నాలుగూ చూడటానికి మూడు రోజులు పట్టింది. నాలుగూ బాగానే ఉన్నాయి.

"ఏరా ఇంజినీరూ, నీ పుస్తకంలోనన్నా బల్బు వెలిగిందా?" అన్నాడు మామయ్య.

మర్నాడు సాయిబుని ఇంజను రేజ్ చెయ్యమని మీటరు పెడితే ముల్లు పదిహేడు వోల్టులు దాటింది. రెగ్యులేటర్ పెట్టె నుంచి ఇంజనుకి ఒక తీగ ముక్క ఆనించగానే పద్నాలుగుకి దిగింది. అంటే డైనమోని అదుపు చేయాల్సిన ఆ పెట్టెకి ఎర్తే అందటం లేదు. చుట్టుపక్కల ప్రతి మరా సాయిబు తుడిచిన తుడుపుకి తళతళలాడుతోంది గానీ, పెట్టెని కారు ఒంటికి బిగించిన మర మీద మాత్రం ఆయుధపూజ నాటి పసుపూ కుంకుమా అలాగే ఉన్నాయి.

"ఇదొక్కటే తుడవలేదేం?" అన్నాను.

"అమ్మగారు పెట్టిన బొట్టండి అది, నేనెట్టా తుడుస్తానండీ? తప్పు దీని కిందే ఉందేమోనని అనుమానం రాలేదా అంటే, వచ్చిందండి."

అత్తయ్యని పిలిచాను. "పండగెళ్లి నెల దాటింది, నాతో ఒక్క మాటంటే పోయేదిగా సాయిబూ!" అని విసుక్కుంటూ ఆవిడే తడిగుడ్డతో తుడిచింది. మర విప్పితే కింద కొత్త రంగు. పూజకి కారు లోపల కూడా మెరవాలని మామయ్యే దగ్గరుండి వేయించిన రంగు. పెట్టెని దాని మీదే బిగించేశారు, రంగు అడ్డుపడి ఎర్తు తెగిపోయింది. రంగు గీకి, మర బిగించాక ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడింది.

మామయ్య వచ్చి నేల మీద రాలిన రంగు పెచ్చుల్ని చూశాడు. "పద సాయిబూ, నందిగామకి పొద్దెక్కుతోంది" అని, ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి, ముందు తలుపు తీసుకుని సాయిబు పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు తప్పెక్కడుందో తెర చెప్పేస్తుంది. అదే నయం, కాదనను. మా ఆవిడ దసరాకి ఇంజను మీది నల్ల ప్లాస్టిక్ మూతకి బొట్టు పెడుతుంది. తర్వాత సర్వీసింగులో నీళ్లు కొట్టి కడిగేస్తారు, ఎవరినీ అడగకుండానే.