పూజలో కూర్చున్న పుస్తకం

ఆ రోజుల్లో మా బహదూర్‌పురాలో మనిషి గొప్పతనాన్ని వాడి కొట్టంలో ఉన్న బర్రెల్ని చూసి చెప్పేవారు. ఆ లెక్కన మా బాపు ఒక మోస్తరు గొప్పవాడే. పాలు పితకడం, పాలు పోయడం, పాలల్లో నీళ్లు కలిసినయని ఎవరైనా అంటే వాళ్ల గడప ముందు నిలబడి లొల్లి పెట్టడం, ఇవి తప్ప మా ఇంట్లో ఇంకో విద్య తెలిసినవాళ్లు లేరు. అలాంటి ఇంట్లోంచి నేను యూనివర్సిటీ చదువుకు బయలుదేరాను. నల్ల షేర్వానీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పాత సైకిలెక్కి పురానాపూల్ దాటేవాణ్ణి. (షేర్వానీ మా మేనమామది. ఆయన లావు, నేను పుల్ల. గాలి వీచినప్పుడు అదొక దిక్కుకు పోయేది, నేనొక దిక్కుకు పోయేవాణ్ణి.) అయినా నేను గల్లీలోంచి పోతుంటే ఆడవాళ్లు చేస్తున్న పని ఆపి వాకిట్లోకి వచ్చి చూసేవారు. హైదరాబాదు రాజ్యంలో దివాన్ గారి తరువాత నేనే అన్నట్టు నేనూ బెల్లు కొట్టుకుంటూ పోయేవాణ్ణి.

యూనివర్సిటీలో నా కళ్లకు అన్నిటికంటే గొప్పగా కనిపించింది అక్కడి కుతుబ్‌ఖానా. మా చదువంతా ఉర్దూలో కాబట్టి గ్రంథాలయాన్ని అలాగే అనేవాళ్లం. చేరిన ప్రతి విద్యార్థికీ ఒక అట్ట కార్డు ఇచ్చేవారు. ఆ కార్డు చూపించి, కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే, లోపలినుంచి మోసుకొచ్చి మన ముందు పెట్టేవారు. మా ఇంట్లో ఒక చెంబెడు నీళ్లు కావాలన్నా ఎవరి కాళ్లు వాళ్లే కదపాలి. అలాంటిది నేను కూర్చున్న చోటికి పుస్తకం నడిచొస్తుంటే ఎంత దర్జాగా ఉండేదో చెప్పలేను. ఎక్కువమంది అడిగే పుస్తకాన్ని సాయంత్రం ఇంటికిచ్చేవారు గాని, మర్నాడు పొద్దున గంట కొట్టేలోపల తెచ్చి అప్పజెప్పాలి. ఇక అద్దాల అల్మారాలో ఉండే పెద్ద పెద్ద పుస్తకాలైతే గది దాటవు. ఎంతటివాడైనా అక్కడికే వచ్చి, అక్కడే కూర్చుని చదువుకోవాలి.

వీటన్నిటికీ అధికారి ఒక పెద్దాయన. తెల్ల గడ్డం, బంగారు రంగు కళ్లద్దాలు, ఎవరు గుసగుసలాడినా తల ఎత్తకుండానే "ఖామోష్" అనే అలవాటు. ఆయన అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. ఖామోష్ సాబ్ అనే పిలుచుకునేవాళ్లం (ఆయనకు వినపడకుండా). పుస్తకం ఒక్క గంట ఆలస్యమైతే కార్డు తీసుకుని సొరుగులో పడేసేవాడు. సొరుగులో పడిన కార్డు ఆ సంవత్సరం మళ్లీ బయటికి వచ్చేది కాదు. పుస్తకాలు కొనుక్కునే తాహతున్నవాళ్లకు అది పెద్ద ఫికర్ కాదు. నాకు మాత్రం కార్డు పోతే చదువు పోయినట్టే.

ఈ సంగతులన్నీ రోజూ సాయంత్రం పాలు పితికే వేళకు మా వాళ్లకు చెప్పేవాణ్ణి. బాపు బర్రె పొదుగు దగ్గర కూర్చుని వినేవాడు. ఆయనకు అన్నిటికంటే నచ్చింది అద్దాల అల్మారా. "నవాబు సాబ్ వచ్చినా బయటికియ్యరా?" అని అడిగేవాడు. ఇయ్యరు బాపూ అంటే, "గట్లుండాలె" అని మురిసిపోయేవాడు. ఒకసారి చెప్పింది చాలక, పాలు పోయించుకునే ఇళ్లలో కూడా ఈ ముచ్చట చెప్పి వచ్చేవాడు.

ఆ యేడు దసరా పండగ వెనకాలే మాకు చరిత్ర పరీక్ష పడింది. రోమ్ సామ్రాజ్యం మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది, ఉన్నది ఒకటే ప్రతి. దానికోసం క్లాసంతా కాచుక్కూర్చుంటే, మహర్నవమి సాయంత్రానికి నా వంతు వచ్చింది. (పరీక్ష దగ్గరపడిందని పండగ రోజుల్లోనూ కుతుబ్‌ఖానా తెరిచే ఉంచారు.) మర్నాటి వంతు మా క్లాసులోనే ఉన్న ఇస్త్రీ భాయ్‌ది. (అతను కూర్చున్నా లేచినా షేర్వానీకి ఒక్క ముడత పడేది కాదు, అందుకని ఆ పేరు.) "సుబహ్ జల్దీ లానా భాయ్" అని అతను మరీ మరీ చెప్పాడు. పొద్దున్నే తెస్తానని మాటిచ్చి, పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను. సంచి గూట్లో పెట్టి, బర్రెలకు కుడితి పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి సంచి చిక్కిపోయి ఉంది.

"బాపూ, నా బుక్కేది?"

"ఆడ కూసున్నది" అన్నాడు బాపు, దేవుడి మూల చూపించి.

నవమి నాడు మా ఇంట్లో పనిముట్లకు పూజ. బాపు నేనొచ్చేదాకా ఆగాడట. కొత్త పాలకడవ, కవ్వం, గడ్డి కోసే కొడవలి, బర్రెల పలుపులు వరసగా పెట్టి ఉన్నాయి. (పాత కడవా పాత పలుపులూ పనిలోనే ఉన్నాయి. బర్రెలకు పండగ తెలియదు.) వాటి మధ్యలో, అన్నిటికంటే ఎత్తైన పీట మీద, బంతిపూలు పెట్టుకుని, అట్ట మీద పసుపు బొట్టుతో రోమ్ సామ్రాజ్యం కూర్చుని ఉంది.

"గది తియ్యాలె బాపూ. రాత్రికి చదవాలె, పొద్దుగాల గంట కొట్టకముందే ఇయ్యాలె" అన్నాను.

"పూజల పెట్టినంక ఎట్ల తీస్తవ్ బిడ్డా? రేపు పొద్దుగూకంగ జమ్మికి పోయొచ్చినంకనే తియ్యాలె. ఎవని పనిముట్టు వాడు పెట్టాలె గద. నాది కడవ, మీ అమ్మది కవ్వం, నీది బుక్కు. గిన్నేండ్లు నీదేం లేకుండె. ఈ యేడు పెట్టినం."

"అది నాది గాదు బాపూ, కుతుబ్‌ఖానాది."

"చేత పట్టుకొని పనిచేసేటోనిదే పనిముట్టు" అన్నాడు బాపు.

ఇంతలో నాయనమ్మ అందుకుంది. "పోయినేడు మీ చిన్నాయిన నడుమల పలుపు తీసిండు. ఏమైంది? బర్రె ఒట్టిపాయె."

"అది ముసలి బర్రె నాయనమ్మా."

"పలుపు తియ్యకముందు ముసల్ది గాకుండె" అంది నాయనమ్మ.

తీస్తే నా చదువు ఒట్టిపోతుందని వాళ్ల భయం, తియ్యకపోతే కార్డు పోతుందని నా భయం. బాపు దీపం వత్తి ఎగదోసి, "ఫికర్ జెయ్యకు. పొద్దుగాల నేనొస్త. మీ సాబ్‌తోని నేను మాట్లాడ్త" అన్నాడు. ఆ మాటతో నా ఫికర్ రెట్టింపైంది.

పొద్దున్నే బాపును సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. కొత్త ధోవతి కట్టి, తలకు ఎర్ర రుమాలు చుట్టాడు. కుతుబ్‌ఖానా మెట్ల దగ్గర ఆగి చెప్పులు విప్పేశాడు. అక్కడ ఎవరూ విప్పరని చెప్పినా వినలేదు. చల్లటి బండల మీద వట్టికాళ్లతో నడుస్తూ, కప్పుదాకా ఉన్న అల్మారాల్ని తల వెనక్కి వంచి చూశాడు. తరువాత నన్ను ఏదో అడిగాడు. బాపు గొంతు మూసీ అవతలి బర్రెల్ని పిలవడానికి తయారైన గొంతు. చదువుకుంటున్నవాళ్లందరూ తలలెత్తారు. ఖామోష్ సాబ్ మాత్రం తల ఎత్తకుండానే "ఖామోష్" అన్నాడు.

బాపు ముఖం వెలిగిపోయింది. నన్ను మోచేత్తో పొడిచి, "నువ్వు చెప్పే సాబ్ గీయనే గద" అన్నాడు.

ఇస్త్రీ భాయ్ అప్పటికే బల్ల దగ్గర నిలబడి నా చేతులకేసి చూస్తున్నాడు. ఖామోష్ సాబ్ కళ్లద్దాల మీదినుంచి చూసి, "కితాబ్ కహాఁ హై మియాఁ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే బాపు చేతులు జోడించి, "సాబ్, కితాబ్ పూజా మే బైఠీ హై. షామ్ తక్ ఉఠ్తీ నై" అన్నాడు.

పుస్తకం వానలో తడిసిందనీ, టాంగాలో మరిచిపోయామనీ, మేక తిన్నదనీ ఆయన విని ఉంటాడు. కూర్చుంది, లేవదు అని మాత్రం ఎప్పుడూ విని ఉండడు. నేను తడబడుతూ మా ఆచారమంతా చెప్పాను. ఆయన విన్నాడు. విని, కార్డు కోసం చెయ్యి చాచాడు. ఇచ్చాను. సొరుగు తెరుచుకుంది. కార్డు అందులో పడింది.

అప్పుడు బాపు అడిగాడు. (మాటలన్నీ దక్కనీలోనే నడిచాయి, ఇక్కడ మన మాటల్లో చెబుతున్నాను.)

"సాబ్, ఆ అద్దాల అల్మారల బుక్కులు ఇంటికిస్తరా?"

"ఇయ్యం."

"నవాబు సాబ్ వచ్చి అడిగితే?"

"ఎవరడిగినా ఇయ్యం."

"మరి ఎట్ల సదువుకుంటరు?"

"ఇక్కడికే వచ్చి, కూర్చుని చదువుకుంటారు."

"ఇయ్యాల మా ఇంట్ల గూడ గంతే సాబ్" అన్నాడు బాపు, ఎంతో వినయంగా. "బుక్కు జాగ కదలదు. గావాల్సినోల్లు వచ్చి, కూసోని సదువుకోవాలె. మేం ఎవల్నీ వద్దనం."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఖామోష్ సాబ్ ఖామోష్ అనలేదు. అన్నాళ్లుగా ఆయన అందరికీ చెబుతూ వచ్చిన రూలు, ఎర్ర రుమాలు చుట్టుకుని ఆయన ముందే నిలబడింది. గడ్డం నిమురుకుని, ఇస్త్రీ భాయ్‌ని మా ఇంటికి వెళ్లి చదువుకోమన్నాడు. చదివే చోట చప్పుడు ఉండకూడదనీ, చేతులు కడుక్కుని ముట్టుకోవాలనీ, దగ్గర్లో నీళ్లూ పాలూ పెట్టకూడదనీ బాపుకు అప్పగింతలు చెప్పాడు. సాయంత్రం తానే వచ్చి పుస్తకం తీసుకుంటానన్నాడు. కార్డును మాత్రం సొరుగులోంచి తీసి తన జేబులో వేసుకున్నాడు. దాని సంగతి అప్పుడు చూద్దామన్నట్టు.

ఆ రోజు మా ఇల్లు యూనివర్సిటీ కుతుబ్‌ఖానా అయింది. ఇస్త్రీ భాయ్ చేతులూ కాళ్లూ కడుక్కుని, మిలమిలలాడే షేర్వానీతో కొడవలికీ కవ్వానికీ నడుమ మఠం వేసుక్కూర్చున్నాడు. అమ్మ పాలగిన్నెలన్నీ పక్కింటికి చేరవేసింది. నాయనమ్మ ఆలోచించి, "లేపొద్దుగని, ఆకులు తిప్పితే తప్పులేదు" అని తీర్పు చెప్పింది. అయితే పనిముట్టు ఎవరిదో వాడు మాత్రం ముట్టకూడదట. పండగ విశ్రాంతి అంటే అదేనట. నా పరీక్ష గతి ఏమిటని నేను దిగాలుపడితే, ఇస్త్రీ భాయ్ ఒక్క క్షణం నాకేసి చూసి, పైకి చదవడం మొదలుపెట్టాడు. వినడానికి అడ్డమేమీ లేదు కదా. ఎంత మంచి మనిషి అతను.

బాపు గల్లీ మొదట్లో నిలబడి, ఎవరు నోరు విప్పినా "ఖామోష్" అనసాగాడు. పిల్లలు, కూరగాయల బండివాడు, పండక్కి వచ్చిన మా అత్తలు, అందరూ ఖామోష్. నడుమ నడుమ తానే వచ్చి గడపలో కూర్చుని రోమ్ దండయాత్రలు వినేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "గంత దండు గంత దూరం నడిస్తే, వాల్లకు పాలెవలు పోసిన్రు?" అని అడిగాడు. ఇస్త్రీ భాయ్ మర్యాదగా విషయసూచిక అంతా వెతికి, రాయలేదు చాచా అన్నాడు. బాపుకు ఆ పుస్తకం మీద గౌరవం కొంచెం తగ్గింది. మధ్యాహ్నానికి కట్టు విప్పుకున్న దూడ ఒకటి వచ్చి ఇస్త్రీ భాయ్ షేర్వానీ అంచును నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. అరుద్దామంటే ఖామోష్ ఆయె. పాపం అతను కన్నీళ్లు ఆపుకుంటూ సామ్రాజ్యం పడిపోయేదాకా చదివాడు.

సాయంత్రం ఖామోష్ సాబ్ టాంగా దిగి గల్లీలో అడుగుపెట్టి ఏదో అడగబోతే, మా పెద్దత్త పెదవుల మీద వేలుపెట్టి "ఖామోష్" అంది. ఆయనెవరో ఆమెకు తెలియదు. జీవితంలో ఆ మాట ఆయన అనడమే గాని అనిపించుకోవడం అదే మొదలనుకుంటాను. మారుమాట్లాడకుండా, మునివేళ్ల మీద నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. అప్పుడే జమ్మికి పోయినవాళ్లు తిరిగొచ్చారు. బాపు జమ్మి ఆకు పుస్తకం మీద ఉంచి, దాన్ని రెండు చేతులా ఎత్తి ఆయనకిచ్చి, ఆయన చేతిలో బంగారమని ఇంత జమ్మి ఆకు పెట్టి, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ ఇచ్చాడు. ఖామోష్ సాబ్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. అట్ట మీది పసుపు బొట్టు దగ్గర చూపు ఆగింది. ఆయన రుమాలు తీశాడు. దానితో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి నా కార్డు తీసి, నాకు కాదు, బాపు చేతికిచ్చాడు.

"మీ కుతుబ్‌ఖానా మా దానికన్నా నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు.

బాపుకు చదువు రాదు. ఆ కార్డును కళ్లకద్దుకుని, తీసుకెళ్లి ఖాళీ అయిన పీట మీద కడవ పక్కన పెట్టాడు. "ఇగ అది రేపటిదాంక తియ్యొద్దు" అంది నాయనమ్మ. ఖామోష్ సాబ్ నవ్వగా చూసినవాళ్లు యూనివర్సిటీ మొత్తంలో నేనూ ఇస్త్రీ భాయే.

పరీక్షలో ప్రతి జవాబూ నాకు ఇస్త్రీ భాయ్ గొంతులోనే గుర్తొచ్చింది, నడుమ నడుమ దూడ చప్పుడుతో సహా. ఇద్దరం మంచి మార్కులతోనే బయటపడ్డాం. ఎన్నో ఏళ్లు గడిచాయి. కొట్టం లేదు, కడవలు లేవు. అయినా నవమి వస్తే మా ఇంట్లో అందరూ తమ తమ పనిముట్లు తెచ్చిపెడతారు, నేను మాత్రం ఆ పాత అట్టముక్క పెడతాను. ఎవరి దగ్గర ఏ పుస్తకానికీ పనికిరాని కార్డుకు ఏటేటా బొట్టు పెట్టే ఈ ముసలాణ్ణి చూసి ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు, నాకూ నవ్వే వస్తుంది. దాని మీద ముద్ర చెరిగిపోయింది, నా పేరు అలుక్కుపోయింది. ఆ సాయంత్రం బాపు పట్టుకున్న చోట పసుపు వేలిముద్ర మాత్రం ఇంకా లేతగా కనిపిస్తుంది. ఎవరిదీ కార్డు అని కొత్తవాళ్లు అడిగితే, మా బాపుది అని చెబుతాను.