ముసురులో కాగిన నీళ్ళు

మూడు రోజులు ఎండ పొడ సోకని పెట్టెలో నీళ్ళు ఎలా కాగాయి? ఆ తర్వాత ఎండ గురించీ వేడి గురించీ దొరికిన పుస్తకమల్లా చదివాను. నాకు జవాబు దొరకలేదు.

పెట్టె మా అక్క కోకిల భర్త తణికాచలానిది. పళ్ళిపట్టు దగ్గర ఆరెకరాల చెరకు వాళ్ళది. కట్టెల పొగకు అక్క కళ్ళు చెడుతున్నాయని మొదలుపెట్టిన పని, చివరికి అతన్ని పూర్తిగా పట్టుకుంది. నల్లరంగు పూసిన చెక్కపెట్టె, లోపల మెలికలు తిరిగిన రాగి గొట్టం, పైన అద్దం. దానికంటే ఎత్తులో ఒక తొట్టి, చుట్టూ ఊక దట్టించిన గోనెలు. ఎండకు గొట్టంలో నీళ్ళు వేడెక్కి వాటంతట అవే తొట్టిలోకి ఎక్కుతాయి, చల్లనివి కిందికి దిగుతాయి. తోసేవాళ్ళు ఉండరు. మధ్యాహ్నం చెవి ఆనిస్తే లోపల ఎవరో గుటకలు వేస్తున్నట్టు ఉండేది.

పొరుగింటి మునెమ్మ ఆ పక్కకే వచ్చేది కాదు.

"పొయ్యి రాజెయ్యకుండా కాగినాయంటే ఎవురు కాంచినారో ఏమో! నువ్వు మాత్రం పోసుకోవాకు కోకిలా."

"పోసుకోబట్టి నెలాయ అక్కా. ఇంకా బతికే ఉండాను," అనేది మా అక్క.

1957లో దానికి పేటెంటు తీసుకోవాలనుకున్నాం. నేను పొదటూరుపేట స్కూల్లో పంతులును గనుక, కలకత్తా ఆఫీసుకు ఇంగ్లీషులో దరఖాస్తు రాసే పని నాది. పేటెంటు వస్తే అలాంటి పెట్టె ఎవరు చేసి అమ్మాలన్నా అతన్ని అడగాలి. "చెరుకు నరికేవాడికి పేరేంది బామ్మర్దీ," అని నవ్వాడు గానీ, తన పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో నాచేత నాలుగుసార్లు రాయించుకుని చూశాడు.

వాళ్ళింట్లో తొలి అరటిగెలైనా, తొలి బెల్లం అచ్చయినా తిరుత్తణి కొండమీది మురుగన్ సామికి ఇచ్చాకే ఇంకెవరికైనా. అందుకని దరఖాస్తు పంపకముందే, ఆడి నెలలో సామికి జరిగే ఆడికృత్తిక పండక్కి మూడు రోజుల ముందే పెట్టెను బండిమీద తీసుకెళ్ళి కొండమెట్ల కింద పెట్టాడు. కావడి మోసేవాళ్ళకు వేడినీళ్ళు పోస్తానన్నాడు. నేనూ వెంట వెళ్ళాను. అది తప్పని నాకూ తోచలేదు.

మూడు రోజులూ ముసురే. కృత్తికనాటి పొద్దున, ఇక చన్నీళ్ళే పోద్దామని తొట్టి కుళాయి తిప్పి, చప్పున చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. వేళ్ళు ఎర్రగా కమిలాయి. నీళ్ళ మీద ఆవిరి. చుట్టుపక్కల పొయ్యి లేదు, బూడిద లేదు. గోనెలు తడిసి చల్లగా ఉన్నాయి. పెట్టెకు చెవి ఆనించాను. గుటకలు ఆగకుండా వినిపిస్తున్నాయి.

"బావా, నువ్వేమన్నా చేసినావా?"

"నేనేం చేసేది? నువ్వూ ఈడనే పండుకుంటివి గదా."

జనం "మురుగా!" అంటూ మీదపడ్డారు. వందలమంది పోసుకున్నారు. తొట్టి నింపేకొద్దీ వేడిగానే వచ్చాయి. పోసినంతసేపూ తణికాచలం నీళ్ళ వైపు చూడలేదు.

దరఖాస్తు ఆ తర్వాత పంపాం. మరుసటి ఏడు కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. దరఖాస్తుకు ముందే నలుగురిలో వాడిన వస్తువుకు పేటెంటు ఇవ్వకూడదని మద్రాసు వ్యాపారి ఒకడు అభ్యంతరం పెట్టాడట. అతనికి తెలిసింది గాలిమాటే, చేతిలో సాక్ష్యం లేదు. అలా వాడలేదని మేము ప్రమాణపత్రం ఇస్తే చాలు. అది రాసుకుని ఒక ఆదివారం అక్కావాళ్ళింటికి వెళ్ళాను.

"ఏం రాసినావో తెలుగులో చెప్పు," అన్నాడు తణికాచలం.

"దరఖాస్తు తేదీకి ముందు ఈ పెట్టెను బయటోళ్ళు చూళ్ళేదు, దీని నీళ్ళు ఎవురూ వాడలేదు, అని."

"సామికి ఇచ్చింది ఇయ్యలేదని రాసేదా?"

"రాస్తేనే నీదవుతుంది బావా."

"ఆ పొద్దు కాంచింది నేను గాదే. నాదని ఎట్ట రాసేది?"

లోపలి నుంచి అక్క వచ్చింది. "సంతకం పెట్టు మామా. ఆరేండ్లు ఎండలో మాడింది నువ్వు గాదా? ఆ మద్రాసోడు మాడినాడా?"

అతను నా పెన్ను అందుకుని కాగితం మీదికి వంగాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా ఉంచి, పైగుడ్డ భుజాన వేసుకుని బయటికి నడిచాడు. చేనికి పోతున్నాడేమో అనుకున్నాం.

నేను రోడ్డు మీదికి వెళ్ళేసరికి తిరుత్తణి బస్సు కదులుతోంది. కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. "బావా!" అని కేకేశాను. అతను ముందుకే చూస్తున్నాడు.